చేతివాటం

చెప్పుకుంటే సిగ్గుచేటు, దాచుకుంటే ఇంకా సిగ్గుచేటు. దాచుకోవడం మూడేళ్ళు చేసి చూశాను. ఇక చెప్పుకుంటున్నాను.

నా పేరు దమయంతి. నర్సాపురం నుంచి పాలకొల్లు వెళ్ళే రోడ్డు మీద ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ఉంది. అందులో పరిశోధన విభాగానికి నేను పెద్దను. పెద్దను అన్నానని పెద్ద విభాగం అనుకోకండి. మూడో అంతస్తులో ఒక మూలగది, రెండు కంప్యూటర్లు, ఎక్కడో తీసేసిన పాత ఆపరేషన్ బల్ల, నేను, గది ఊడ్చే మామ్మ. అంతే. కడియం పుట్టింది ఆ గదిలోనే. పేపర్లో ఫొటో చూసే ఉంటారు. రెండు చేతులా రెండు కడియాలు పట్టుకుని పళ్ళికిలిస్తున్న ఆడమనిషిని నేనే.

అసలిది కోపంతో మొదలైంది. మా కాలేజీకి ఏటా విదేశీ ఆసుపత్రుల వాళ్ళు వచ్చేవారు. సర్టిఫికెట్లు చూసి తలాడించేవారు. తర్వాత పిల్లల్ని బల్ల దగ్గరికి పిలిచి, సూదిపట్టు ఒకటి చేతికిచ్చి, దీనికి దారమున్న సూది బిగించమనేవారు. సూదిపట్టు మీద నాలుగు పేజీల జవాబు రాసిన పిల్ల దాన్ని తిరగేసి పట్టుకునేది. మరి పట్టుకోదూ? నాలుగేళ్ళ చదువులో దాన్ని నాలుగుసార్లు కూడా ముట్టుకోనివ్వలేదు మేము. సాధన చెయ్యడానికి నలభైమందికి ఒక బొమ్మ. ఆ ఏడు వచ్చినావిడ వెళ్తూ వెళ్తూ నాతో అంది, మీ పిల్లలకి చదువుంది, చేతులు లేవు అని. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు. నిజం కాకపోతే సయించి ఉండును.

మెదడు చేతికిచ్చే ఆజ్ఞలన్నీ మణికట్టు దాటే వెళ్ళాలి. ఒక కడియం పనొచ్చినవాళ్ళ చేతికి తొడిగితే ఆ ఆజ్ఞల్ని విని రాసుకుంటుంది. రెండో కడియం నేర్చుకునేవాళ్ళ చేతికి తొడిగితే, వాళ్ళు అదే పని చేస్తున్నంతసేపూ ఆ ఆజ్ఞల్ని కండరాలకి మెల్లగా అప్పచెబుతుంది. ఎక్కాలు రాని పిల్లాడి పక్కన కూర్చుని చెప్పించినట్టే. ఇరవయ్యొక్క రోజులు చెప్పించాక కడియం తీసేస్తే చెయ్యి తనంతట తనే చెబుతుంది. రెండేళ్ళ అనుభవం మూడు వారాల్లో.

ప్రాజెక్టుకి చేతివాటం అని పేరు పెట్టాను. మా ఛైర్మన్ రంగరాజుగారు కాగితం చూసి నవ్వారు. 

"ఏవండీ మేడంగారూ, దొంగతనానిక్కూడా అదే మాట కదండీ?"

"మంచి అర్థం కూడా ఉందండి" అన్నాను. ఉంది కూడా.

మొదటి కడియానికి చెయ్యి ఇవ్వడానికి భీమవరం నుంచి ఒక పెద్ద నర్సు వచ్చింది. ఆపరేషన్ థియేటర్లో ఇరవయ్యారేళ్ళ అనుభవం. కాగితాల మీద సంతకం పెట్టింది, రెండు రోజులు కూర్చుంది, మూడో రోజు మానేసింది. "నా చెయ్యి ఎవరెవరి దగ్గరో తిరగడం నాకెందుకో బాలేదండీ" అంది ఫోన్లో. ఆవిడ్ని తప్పుపట్టడానికేం లేదు. కానీ విదేశీ బృందం ఐదు నెలల్లో వస్తోంది. నా దగ్గరున్నదల్లా ఆవిడ సంతకం, తెర మీద వణుకుడు గీతలుగా కనిపించే రెండు రోజుల రికార్డింగు.

గీతలు వణకడం ఆవిడ చేతి తప్పా, కడియం తప్పా తెలియలేదు. వరండాలో మామ్మ కూర్చుని ఉంది. పొద్దున్న గదులు ఊడ్చేశాక ఆవిడ రోజూ అక్కడే గోడకానుకుని లేసు అల్లుకునేది. మా వైపు ఆడవాళ్ళ చేతిలో లేసు సూది ఉండటం వింతేం కాదు గనక నేనెప్పుడూ పట్టించుకోలేదు. పిలిచి కడియం తొడిగాను.

"దేనికండీ ఇది?"

"మిషను బాగుందో లేదో చూస్తున్నాను మామ్మా. నువ్వు నీ పని చేసుకో, చాలు."

"అంతేగదండీ. సేసేత్తాను."

ఆవిడ అల్లడం మొదలుపెట్టింది. తెర మీద గీత నడిచింది. ఎక్కడా తొణకలేదు. అరవై మూడేళ్ళ చెయ్యి, ఒక్క వణుకు లేదు, ఒక్క వృథా కదలిక లేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మర్నాటినుంచి వరండాలో లేసు మాన్పించి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. సూదిపట్టు, కత్తెర, రక్తనాళాన్ని నొక్కిపట్టే క్లాంపు, వాటి వరస, వాటి తుడుపు. నేను థియేటర్ వీడియోలు చూపించేదాన్ని, ఆవిడ చేసేది. మా పిల్లలు నాలుగేళ్ళలో నేర్వనిది పదకొండు రోజుల్లో నేర్చింది. పైగా నాకే చెప్పేది, "ఈ కత్తిరికి మొన దగ్గర పదును పోయిందండి, మార్పించండి" అని. నేను డాక్టరుగా బల్లకి అటు కూర్చునేదాన్ని. ఏం కావాలో చెప్పేదాన్ని. ఆవిడ తీసి పళ్ళెంలో పెట్టేది, నేను తీసుకునేదాన్ని. నాలుగు నెలలు అలా నడిచింది. చివర్లో పరీక్షకి తణుకు నుంచి ఒక సర్జన్ గారిని పిలిచాం. ఆయనా పళ్ళెంలోంచే తీసుకున్నారు, అద్భుతం అన్నారు. ఎవరికీ ఏమీ తోచలేదు.

మామ్మకి మాత్రం చివరిదాకా మిషను టెస్టనే చెప్పాను. రికార్డులో చెయ్యి ఇచ్చినవారు అన్నచోట భీమవరం నర్సు పేరు రాశాను. గది ఊడ్చే మనిషి చెయ్యి అని రాస్తే ఏ దేశంవాడు తీసుకుంటాడు? అలా అనుకున్నాను. అలా అనుకోవడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు.

*

నిస్సీ సంగతి చెప్పాలి. కొల్లాబత్తుల నిస్సీ. ఆ ఏడు చదువు పూర్తిచేసిన వాళ్ళలో మార్కుల్లో నాలుగోదో ఐదోదో. మాట తక్కువ, చూపు ఎక్కువ.

ఉద్యోగ మేళాకి ముందు అందరిచేతా ఒక ఫారం నింపించాం. ఏమేం పనులు వచ్చు అని ఇరవై ప్రశ్నలు. చివర్న, విదేశంలో పనిచేయడానికి ఇష్టమేనా, అవును, కాదు. తొంభైమంది పిల్లలు తొంభైమందీ అవును అని కొట్టేశారు, ప్రశ్న చదివారో లేదో కూడా నాకు అనుమానమే. నిస్సీ ఫారంలో ఆ గడి ఖాళీ. పిలిపించాను.

"ఏమ్మా, వదిలేశావేం?"

"వదల్లేదండి. ఆలోచిస్తన్నాను."

"ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఇష్టమేనా అని ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదండి. ఈ కాగితం అడిగింది గదా అని." 

తలవంచుకుని మళ్ళీ అంది, "వెళ్తానండి మేడం. వెళ్ళనని కాదు. ఇక్కడ పెద్దాసుపత్రిలో ఓ రెండేళ్ళు చేసి, చెయ్యి తిరిగాక వెళ్తాను. చెయ్యి రాకుండా వెళ్తే ఆళ్ళ ముందు చిన్నబోవాలి గదండీ."

ఎంత బుద్ధిగా చెప్పింది. ఇంతకన్నా సరైన మాట ఆ కాలేజీలో ఎవరూ అనలేదు, నాతో సహా. కానీ ఆ రోజు నాకు కావలసింది బుద్ధి కాదు, మొదటి చెయ్యి. కుర్చీ వేసి కూర్చోబెట్టాను. రెండేళ్ళ పని ఇరవయ్యొక్క రోజుల్లో వచ్చేస్తుందన్నాను. మొదటి మనిషివి నువ్వే, నీ వెనక ఎంతమందో వస్తారన్నాను. వద్దనడానికి ఆ పిల్లకి నోరు రాలేదు. నా ఎదురుగానే పెన్ను తీసి అవును దగ్గర గీత కొట్టింది. గీత కొట్టాక కాగితం నా వైపు తోసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పదిహేనో రోజుకి ఆమె చెయ్యి చూడముచ్చటగా ఉంది. ఆ రోజే వచ్చి అంది, "మేడం, బస్సులో కూర్చుంటే నా వేళ్ళు ఊరుకోట్లేదండి. చున్నీ అంచు దారాలు లాగి ముడులేస్తన్నాయి."

చూపించింది. చున్నీ చివర బెత్తెడు మేర వరసగా చిన్న చిన్న గొలుసు కుట్లు. వరండాలో మామ్మ అల్లే లేసు అది.

"కొత్త కదా, అలాగే ఉంటుంది. తగ్గిపోతుంది" అన్నాను.

"ఇది ఎవరి చెయ్యండీ?"

"భీమవరం పెద్దనర్సుది. కాగితంలో ఉంది కదా."

"అలాగాండీ" అని, కిటికీలోంచి వరండా వైపు చూసింది. మర్నాటినుంచి మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని మామ్మ పక్కన కూర్చుని తినేది. పొద్దుపోక కాబోలు అనుకున్నాను.

తర్వాత జర్మనీ వెళ్ళింది. ఒక చిన్న ఊరి ఆసుపత్రి. ఆమె వెనక ఏడు దేశాలకి నూట పద్నాలుగుమంది వెళ్ళారు. అందరి మణికట్టులోనూ మామ్మే. కాలేజీ గేటు మీద పెద్ద బోర్డు కట్టారు. నాకు రెండుచోట్ల సన్మానం జరిగింది. శాలువా కప్పించుకుని, ఇంటికొచ్చి మా ఆయన సత్యానందానికి చూపించాను కూడా.

*

ఫోను మిట్టమధ్యాహ్నం వచ్చింది. వెళ్ళిన రెండేళ్ళకి.

"మేడం, నిస్సీనండి. మాటాడొచ్చాండీ?"

"చెప్పమ్మా."

"నా చెయ్యి నా మాట వినలేదండి."

ముక్కలు ముక్కలుగా చెప్పింది. మొదటి ఏడాదంతా భాషా, వార్డూ. తర్వాత థియేటర్లో వేశారు. పదునైన వస్తువులు చేతికివ్వకుండా పళ్ళెంలో పెట్టడం అక్కడి నియమమేనట. అందుకని ఎనిమిది నెలలు ఎవరికీ తేడా తెలియలేదు, పైగా జాగ్రత్తగల పిల్ల అని మెచ్చుకున్నారట. మొన్న లారీ ప్రమాదంలో నలిగిన మనిషిని తెచ్చారు. లోపల రక్తనాళం తెగింది. డాక్టరు ఒక చేత్తో దాన్ని నొక్కిపట్టుకుని, చూపు తిప్పకుండా రెండో చెయ్యి చాపాడు, క్లాంపు అని.

"సరైన క్లాంపే తీశానండి. ఆయన చేతిలో పెట్టబోయాను. జానెడు దూరంలో నా చెయ్యి ఆగిపోయిందండి. ఆగి, పక్కకి తిరిగి, పళ్ళెంలో పెట్టేసింది. ఆయన అరిచాడు. మళ్ళీ తీశాను. మళ్ళీ పళ్ళెంలోనే పెట్టిందండి. మూడోసారి పక్కనున్నావిడ నన్ను తోసేసి తనిచ్చింది."

"మనిషికేమైంది?"

"బతికాడండి. ఒక మూత్రపిండం పోయింది." అని మళ్ళీ తనే అంది, "నలభై ఏళ్ళుంటాయేమోనండి ఆయనకి. రోజూ వెళ్ళి చూసొస్తన్నాను."

ఆమెని థియేటర్లోంచి తీసేసి బట్టలు మడతపెట్టే చోట వేశారు. విచారణ వేశారు. తప్పు పిల్లదని తేలితే ఆమె నర్సు లైసెన్సు రద్దవుతుంది, ఇక అక్కడే కాదు, ఎక్కడా నర్సుగా నిలబడలేదు. తప్పు కడియానిదని తేలితే ఆమెకి మళ్ళీ మొదట్నుంచి పని నేర్పి ఉంచుకుంటారు. వారం తర్వాత నాకు వాళ్ళ ఉత్తరం వచ్చింది. చెయ్యి ఇచ్చినవారెవరు, ఈ అలవాటు వారిదా, అభ్యర్థిదా?

రంగరాజుగారు ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మనదంటే నూట పద్నాలుగుమందీ వెనక్కొచ్చేస్తారండి మేడంగారూ. ఆ అమ్మాయిదంటే ఆ అమ్మాయొక్కతే. మీరు చదువుకున్నవారు, నేను చెప్పేదేముంది?"

చదువుకున్నదాన్నే. చక్కగా రాశాను. చెయ్యి ఇచ్చిన నర్సుకి ఇరవయ్యారేళ్ళ అనుభవం ఉంది, ఇటువంటి లోపం ఆమె రికార్డులో లేదు, ఇది స్వీకర్త వ్యక్తిగత అలవాటు కావచ్చు. కావచ్చు అన్న ఆ ఒక్క మాట పెట్టి, అబద్ధం ఆడలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఛీ, రాసిన చెయ్యి నాదే.

*

ఆ ఆదివారం మా ఆయన భోజనానికి కూర్చుని పప్పులో ఉప్పు చాల్లేదన్నారు. 

"ఉప్పిలా ఇవ్వు" అని చెయ్యి చాపారు.

నేను ఉప్పుగిన్నె తీసి, ఆయన చేతిదాకా తీసుకెళ్ళి, అక్కడాపి, పక్కన బల్ల మీద పెట్టాను. ఆయన తీసుకున్నారు. ఆయన చాపిన చెయ్యి నేను పట్టించుకోలేదని ఆయనకి అనిపించలేదు, ఆయన చేతికివ్వాలని నాకూ అనిపించలేదు. ఇరవై ఏళ్ళుగా అంతే. అంతకుముందు మా అమ్మా అంతే. ఉప్పు చేతికివ్వకూడదు, సూది చేతికివ్వకూడదు, కత్తెర చేతికివ్వకూడదు, ఇస్తే ఇద్దరికీ పడదు. ఎవరు చెప్పారో గుర్తుండదు, చెయ్యి మాత్రం మరవదు.

ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది. నాలుగు నెలలు బల్లకి అటు కూర్చుని పళ్ళెంలోంచి తీసుకున్నది నేనే. తణుకు డాక్టరుగారూ తీసుకున్నారు. మా అందరి కళ్ళెదుటా జరిగింది, ఒక్కరికీ కనిపించలేదు. ఏ కేరళ నర్సో, ఏ ఢిల్లీ డాక్టరో ఆ గదిలో ఉండి ఉంటే మొదటిరోజే అడిగేవాళ్ళు.

"ఏమైంది?" అన్నారు ఆయన.

చెప్పాను. అంతా చెప్పాను, భీమవరం నర్సు పేరు దగ్గర్నుంచి ఉత్తరం దాకా. ఆయన స్కూలు మాస్టారు, మాట తూచి అంటారు. చాలాసేపు పప్పన్నం కలుపుతూనే ఉన్నారు.

"ఆ పిల్ల రెండేళ్ళాగి వెళ్తానందన్నావు కదూ" అన్నారు చివరికి. 

తిట్టినా బాగుండేది.

ఇంత తెలిశాక వెంటనే ఉత్తరం రాశానని మీరనుకుంటున్నారేమో. రాయలేదు. పది రోజులు ఊరికే ఉన్నాను. రోజూ కాలేజీకి వెళ్ళాను, బోర్డు కింద నుంచి లోపలికి నడిచాను, కాఫీ తాగాను. ఆ పది రోజులూ ఒక పిల్ల చలిదేశంలో దుప్పట్లు మడతపెడుతోందని తెలుసు. తెలిసి కాఫీ తాగాను.

పదకొండో రోజు ఉండబట్టలేక మామ్మని పిలిచాను. బల్ల మీద కత్తెర ఉంది.

"మామ్మా, ఆ కత్తెర నా చేతికియ్యి."

తీసింది. నా చేతిదాకా తెచ్చి, బల్ల మీద పెట్టింది.

"చేతికి ఇవ్వమన్నాను కదా."

"సేతికెలా ఇత్తావండీ, పగలొచ్చెయ్యవూ?" నవ్వింది. "మీతో నాకు పగెందుకండి. మీరు సల్లగా ఉండాలనే గదా ఇన్నాళ్ళూ కిందెట్టి ఇచ్చేది." కొంగుతో బల్ల తుడుస్తూ అడిగింది, "నిస్సమ్మ కులాసాగా ఉందాండీ? పోన్ల మాటాడి నెల్రోజులైంది. ఏదో దాత్తంది నా దగ్గిర."

నాకు తెలియకుండా వాళ్ళిద్దరూ రెండేళ్ళుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నారు.

ఉన్న సంగతి ఆవిడకి చెబుదామని నోరు తెరిచాను. "బాగానే ఉంది మామ్మా" అన్నాను. 

*

విచారణ వీడియోలో జరిగింది. మాకు మధ్యాహ్నం రెండు, వాళ్ళకి పొద్దున్న. తెర మీద ముగ్గురు పెద్దలు, పక్కన మరో గడిలో నిస్సీ. చిక్కిపోయింది. అక్కడే స్థిరపడ్డ తెలుగాయన ఒకరు దుబాసీగా కూర్చున్నారు. ఇటువైపు నేను, రంగరాజుగారు. మామ్మ గుమ్మం దగ్గర నిలబడింది. నిస్సమ్మ కనపడుతుందంట గదా, ఓసారి సూసెల్తానని బతిమాలితే రానిచ్చాను.

ముందు నిస్సీని అడిగారు. దుబాసీ మా కోసం తెలుగులోకి మార్చి చెబుతున్నాడు.

"ఈ అలవాటు నీదా, కడియం వల్ల వచ్చిందా అని అడుగుతున్నారు."

నిస్సీ తెరలోంచి నా వైపు చూసింది. ఆ తర్వాత గుమ్మం వైపు.

"నాదేనండి" అంది. "మా ఇంట్లో మా అమ్మ కూడా సూదులవీ కింద పెట్టే ఇస్తది. చర్చికెళ్ళేవాళ్ళకి ఇవేంటే అంటే, చర్చికెళ్తే పగలు రావా అంటది. నాకు చిన్నప్పటి అలవాటేనండి. కడియం తప్పు లేదు."

"ప్రయోగశాలవాళ్ళు నీకేదైనా దాచారా అంటున్నారు."

"లేదండి."

రంగరాజుగారు ఊపిరి వదిలారు, నాకు వినిపించింది. నూట పద్నాలుగుమంది ఉద్యోగాలూ నిలబడ్డాయి. నేను నిలబడ్డాను. నిన్ను ఎగదోసి పంపించి, నీ మీదే నేరం రాసిన మనిషిని కాయడానికి నీకేం పట్టిందే పిచ్చిపిల్లా అనిపించింది. అప్పుడర్థమైంది, కాసింది నన్ను కాదు. నిజం చెబితే వెనక్కి రావలసిన మిగతా పిల్లల్ని కాసింది. ఈ చెయ్యి ఎవరిదో పదిహేనో రోజునే తెలిసిన పిల్ల, గుమ్మం దగ్గరున్న ముసలావిడ మీద మాట పడకుండా కాసింది. చెయ్యి తిరిగాక వెళ్తానన్న పిల్ల.

"ఆ అమ్మాయి అబద్ధం చెబుతోంది" అన్నాను.

రంగరాజుగారు బల్ల కింద నా కుర్చీ కాలు తన్నారు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. భీమవరం నర్సు రెండు రోజులే కూర్చుందని, రికార్డులో పేరు నేను రాసిన అబద్ధమని, ఆ చేతులన్నీ ఒక లేసు అల్లే ఆవిడవని, ఆవిడక్కూడా ఆ సంగతి చెప్పలేదని, ఉత్తరం రాసేటప్పుడు తెలిసీ తెలియక ఒకసారీ, తెలిశాక దాచుకుని రెండోసారీ తప్పు చేశానని చెప్పాను. దుబాసీ మధ్యలో రెండుసార్లు నిజమేనా అన్నట్టు నా మొహం చూశాడు. 

ఏమైందో చెప్పేస్తాను. నిస్సీ లైసెన్సు పోలేదు. మళ్ళీ విద్యార్థిగా పెట్టుకుని రెండేళ్ళు పని నేర్పుతామన్నారు. మిగతా నూట పద్నాలుగుమందినీ పని ఆపించి ఒక్కొక్కరికీ కొత్తగా పరీక్ష పెట్టారు. అరవై ఒక్కమంది నెగ్గారు, మిగతావాళ్ళు వెనక్కొచ్చారు. వాళ్ళలో కొందరు రోడ్డు మీద కనిపిస్తే నేను తల దించుకుంటాను, వాళ్ళు నమస్కారం పెడతారు. ప్రయోగశాలకి తాళం పడింది, నా మీద కేసు నడుస్తోంది. ఇవన్నీ జరగవలసినవే, వీటి గురించి నాకేం బాధ లేదు. 

నాకు నిద్రలేకుండా చేసేది వేరే. నేను చెప్పడం అయిపోయాక మధ్యలో కూర్చున్న పెద్దావిడ పెన్ను తీసుకుని ఏదో అడిగింది.

"చెయ్యి ఇచ్చినవారి పేరు చెప్పమంటున్నారండి. రికార్డులో సరిదిద్దాలిట" అన్నాడు దుబాసీ.

"మామ్మ" అన్నాను.

ఆయన వాళ్ళ భాషలో చెప్పాడు. వాళ్ళు ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీ సొంత మామ్మగారా అంటున్నారు."

"కాదండి. మా దగ్గర పనిచేసే ఆవిడ. అందరం మామ్మ అంటాం."

"మరి అసలు పేరండి?"

నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఆవిడ మణికట్టు నాడి ఎక్కడ ఎంత కొట్టుకుంటుందో నాకు కంఠతా వచ్చు. ఆవిడ బొటనవేలు ఏ కదలికకి ఎంత వంగుతుందో లెక్కగట్టి మూడు వ్యాసాలు అచ్చువేయించాను. ఏడు దేశాల్లో ఆవిడ చెయ్యి అన్నం సంపాదిస్తోంది. పక్కన రంగరాజుగారి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నారు. గుమ్మం వైపు తిరిగి అడగడానికి మొహం చెల్లలేదు.

"కొప్పాడి వరహాలమ్మ గారండి" అంది తెరలోంచి నిస్సీ. "ఊరు సీతారామపురం. పన్నెండో ఏటనుంచీ లేసు అల్లుతున్నారు. రాసుకోండి, చెప్తాను." 

ఆ పెద్దావిడ కోసం ఒక్కొక్క అక్షరం విడదీసి, వాళ్ళ భాషలో నెమ్మదిగా పలికింది. ఆవిడ రాసుకుని, సరిగ్గా ఉందా అని కాగితం ఎత్తి చూపించింది. నిస్సీ ఒక అక్షరం దిద్దించింది. 

గుమ్మం దగ్గర మామ్మ తన పేరు విని ఉలిక్కిపడింది. నాలుగడుగులు లోపలికి వచ్చి, తెర వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

"నా పేరెందుకండీ రాత్తన్నారు ఆళ్ళు?" అంది. గొంతు వణికింది. ఆ చేతిలో నేనెప్పుడూ చూడని వణుకు. "నన్నేవన్నా కేసులో ఎడతన్నారాండీ?"

"లేదండి" అన్నాను. లేచి నా కుర్చీ ఆవిడ వైపు జరిపాను. "కేసు నామీదండి. మీరు కూర్చోండి."

ఆవిడ కూర్చోలేదు. ఇంకా భయపడింది.

"నన్ను అండీ అంటారేటండీ" అని, గోడ పక్కకి జరిగి, చేతులు కొంగులో దాచుకుంది.